ఆరు వారాలకో ఊరు: ఒక మోర్మన్ కుర్రాడి లెక్కలు

అమెరికాలో యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా నడిచే ఒక చర్చి ఏటా తన లెక్కలు తానే ప్రకటిస్తుంది. 2024 ఆఖరుకు సభ్యులు 1,75,09,781 మంది. పూర్తికాలం సువార్త పనిలో ఉన్న మిషనరీలు 74,127 మంది. ఆ ఒక్క ఏడాదిలో బాప్తిస్మం పుచ్చుకుని కొత్తగా చేరినవాళ్లు 3,08,682 మంది. మిషనరీలను పంచుకుని నడిపించే ప్రాంతీయ విభాగాలు, వాళ్ల మాటల్లో మిషన్లు, 450. జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన ఈ సంఘం పూర్తిపేరు యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మోర్మన్లు అనే పేరు వాడొద్దని 2018లో వాళ్ల అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ కోరారు గానీ, లోకం నోట ఇంకా ఆ పేరే నానుతోంది. సౌకర్యం కోసం ఇక్కడా అదే వాడుతున్నాను.

మిషనరీగా వెళ్లిన కుర్రాడి బతుకును నడిపించే అంకె మాత్రం ఆ వార్షిక లెక్కలో కనిపించదు. అది ఆరు. మామూలుగా ఆరు వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. ఎవరు ఏ ఊళ్లో ఉండాలి, ఎవరితో కలిసి ఉండాలి అన్నది అందులో తేలుతుంది. పేరు కదలకపోతే అదే ఊళ్లో ఇంకో ఆరు వారాలు. కదిలితే పెట్టె సర్దుకుని రైలెక్కడమే. పరాయి దేశంలో, రాని భాషలో, ఇలా ఎన్నిసార్లు కుదురుకోవాలి, దానికి ఎంత ఖర్చవుతుంది, అంతా అయ్యాక చేతికొచ్చేదేమిటి అని లెక్క వేసుకుంటూ పోతే ఒక సంగతి తేటపడుతుంది. ఈ ఏర్పాటు బయటివాళ్లను చేర్చడంలో కన్నా, వెళ్లిన పిల్లల్ని తీర్చిదిద్దడంలోనే ఎక్కువ గట్టిగా పనిచేస్తోంది. చర్చి దీన్ని ఈ వరసలో చెప్పుకోదు. దాని అంకెలు మాత్రం ఇలాగే చెబుతున్నాయి.

పిలుపు, పైకం, భాష

2012 అక్టోబరు 6న అప్పటి అధ్యక్షుడు థామస్ మాన్సన్ ఒక ప్రకటన చేశారు. మిషన్‌కు వెళ్లేందుకు అబ్బాయిల కనీస వయసు 19 నుంచి 18కి, అమ్మాయిలది 21 నుంచి 19కి తగ్గించారు. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు సేవ. మన దగ్గర ఎంసెట్ ర్యాంకు చూసుకుని ఇంజనీరింగ్‌లో చేరే వయసు అది. ఏ దేశం వెళ్లాలో, ఏ భాష నేర్చుకోవాలో దరఖాస్తు పెట్టినవాళ్ల చేతిలో ఉండదు. పైనుంచి పిలుపు వస్తుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఆ పిలుపు తెరిచి చదవడం యూటాలో ఒక చిన్న పండగ. పక్క రాష్ట్రమే రావచ్చు, మడగాస్కరే రావచ్చు.

జీతం లేదు. పైగా ఎదురు కట్టాలి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా వంటి సంపన్న దేశాల నుంచి వెళ్లేవాళ్లు నెలకు 500 డాలర్లు చర్చికి చెల్లిస్తారు. 2020 జూలై 1కి ముందు అది 400. 24 నెలలకు 12,000 డాలర్లు. డాలరు 85 రూపాయల చొప్పున వేసుకుంటే 10 లక్షల 20 వేలు. ఈ సొమ్ము కుర్రాడో, తల్లిదండ్రులో, వాళ్ల స్థానిక సంఘమో భరిస్తుంది. పేద దేశాల పిల్లలకు సాయం ఉంటుంది. ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. 1990 దాకా ఎవరి ఊరి ఖర్చు వాళ్లు పెట్టుకునేవాళ్లు. టోక్యో పడినవాడికి తడిసి మోపెడయ్యేది, అదే బొలీవియా పడినవాడికి చవగ్గా పోయేది. 1991 నుంచి అందరూ ఒకే మొత్తం ఉమ్మడి నిధిలో వేస్తారు. ఎక్కడ ఎంత కావాలో అంత అక్కడికి వెళుతుంది. పిలుపు చూడగానే తండ్రి గుండె గుభేలుమనకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

తర్వాత భాష. యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రంలో 50కి పైగా భాషలు నేర్పుతారు. కొత్త భాష అక్కర్లేనివాళ్లు రెండు మూడు వారాల్లో బయటపడతారు. స్పానిష్ వంటివాటికి సుమారు ఆరు వారాలు. జపనీస్, కొరియన్, చైనీస్‌కు సుమారు తొమ్మిది. కోవిడ్ తర్వాత శిక్షణలో కొంత భాగం ఇంటి నుంచే, వీడియోలో సాగుతోంది. ఈ తొమ్మిది వారాలు ఎంత తక్కువో తెలియాలంటే అమెరికా విదేశాంగ శాఖ పెట్టుకున్న లెక్క చూడాలి. ఆ శాఖ తన దౌత్యవేత్తలకు జపనీస్‌లో నిలకడగా పని చక్కబెట్టే స్థాయి రావడానికి 88 వారాలు, 2,200 తరగతి గంటలు పడతాయంటుంది. తెలుగును అంతకన్నా కాస్త తేలిక వర్గంలో వేసి 44 వారాలు కేటాయించింది. దౌత్యవేత్తకు ఇచ్చిన కాలంలో పదో వంతుతో మన కుర్రాడు విమానం ఎక్కుతాడు. హిరగానా 46 అక్షరాలు, కతకానా 46 అక్షరాలు వచ్చేసి ఉంటాయి. పత్రిక చదవడానికి కావలసిన 2,136 కంజీ గుర్తుల్లో మాత్రం ఏ కొన్నో. నోట్లో ప్రార్థన ఉంటుంది, తన విశ్వాసం గురించి కంఠతా పట్టిన నాలుగు ముక్కలు ఉంటాయి. ఆ నాలుగు ముక్కలకు అవతలివాళ్లు ఏమన్నారన్నది మాత్రం అర్థం కాదు. భాష సగం వచ్చినవాడి అసలు కష్టం మాట్లాడటం కాదు, వినడం.

పద్నాలుగు రోజుల గడువు

అలాంటి కుర్రాడొకడు జపాన్ ఉత్తర కొసన, హొక్కైదో దీవిలోని అసహికావాలో దిగాడనుకుందాం. జపాన్‌లో అధికారికంగా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత ఆ ఊరిదే: 1902 జనవరి 25న మైనస్ 41 డిగ్రీలు. ఇప్పుడు అంత చలి లేదు గానీ చలికాలంలో మిషనరీల సైకిళ్లు మూలపడేంత మంచు మాత్రం కురుస్తుంది.

విమానాశ్రయంలోనే అతని చేతికి నివాస కార్డు వస్తుంది. మత కార్యకలాపాలకని జపాన్ ప్రత్యేకంగా ఒక వీసా కోవ పెట్టింది, అతను దాని కింద వచ్చినవాడు. ఉండే చోటు ఖాయమయ్యాక 14 రోజుల్లోగా నగర కార్యాలయానికి వెళ్లి చిరునామా రాయించుకోవాలి. తప్పితే 2 లక్షల యెన్‌ల దాకా జరిమానా పడొచ్చు. 90 రోజులు దాటితే నివాస హోదాకే ఎసరు. ఊరు మారినప్పుడల్లా పాత ఊళ్లో వెళ్తున్నానని, కొత్త ఊళ్లో వచ్చానని రెండు చోట్లా రాతకోతలు. దీన్ని బదిలీల లెక్కతో కలిపి చూడండి. 24 నెలలంటే 104 వారాలు. శిక్షణకు తొమ్మిది పోతే 95. ఆరు చొప్పున భాగిస్తే పదహారు సార్లు బదిలీల జాబితా వస్తుంది. ప్రతిసారీ కదలరు. సాధారణంగా ఒక ఊళ్లో మూడు నుంచి ఆరు నెలలు ఉంటారు కాబట్టి నాలుగు నుంచి ఏడు ఊళ్లు చూస్తారు. అన్నిసార్లు నగర కార్యాలయంలో టోకెన్ తీసుకుని కూర్చోవాలి. జపాన్ ప్రభుత్వ కౌంటర్లో ఫారం నింపడమే చాలామందికి బాప్తిస్మ సంభాషణకు మించిన భాషా పరీక్ష అని నా అనుమానం.

ఇల్లు మిషన్ అద్దెకు తీసుకుని ఉంచుతుంది. ఇద్దరో నలుగురో కలిసి ఉంటారు. తలుపు తీయగానే గెన్కాన్, బూట్లు విప్పి ఓ మెట్టు పైకెక్కాల్సిన ముంగిలి. ఇలాంటి అద్దె ఇళ్లలో ఎక్కడో ఒక గోడకు చెత్త క్యాలెండరు అంటించి ఉంటుంది. మండే చెత్త ఏ వారాల్లో, ప్లాస్టిక్ ఎప్పుడు, సీసాలూ డబ్బాలూ ఎప్పుడు, ఏ రంగు సంచిలో అన్నది ఊరికో తీరు. తోకుషిమా కొండల్లోని కమికత్సు అనే ఊరు చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరు చేయిస్తుంది. అది విడ్డూరమైన ఉదాహరణే, కానీ ఏ ఊళ్లోనైనా తప్పు సంచి బయటపెడితే దానిమీద ఎర్ర చీటీ అంటించి అక్కడే వదిలేయడం మామూలే. ఇరుగుపొరుగు మొదట చూసేది మిషనరీ బైబిల్‌ను కాదు, అతని చెత్త సంచిని. ఈ సంగతి ప్రోవోలో ఎంత చెప్పినా ఎక్కదు, మొదటి వారంలోనే తలకెక్కుతుంది.

ఒంటరిగా ఉండటానికి వీల్లేదు. 24 గంటలూ పక్కన ఇంకొకరు ఉండాలి, స్నానపు గది మినహా. ఆ ఇంకొకరినే కంపానియన్ అంటారు. కొత్తగా వచ్చినవాడికి మొదటి కంపానియన్ ట్రైనర్. తొలి 12 వారాలు, అంటే రెండు బదిలీల కాలం, అతని దగ్గర పని నేర్చుకోవాలి. ట్రైనర్‌కు కూడా ఎంత వయసుంటుంది, ఇరవై. ఆరు నెలల ముందు వచ్చినవాడు పెద్దవాడు, ఏడాది ముందు వచ్చినవాడు ముసలాడు. పేర్లు కూడా పక్కకి జరుగుతాయి: నల్ల బిళ్ల మీద ఇంటిపేరు, ముందు ఎల్డర్ లేక సిస్టర్. రెండేళ్ల పాటు కన్నతల్లి తప్ప సొంత పేరుతో పిలిచేవాళ్లు దాదాపు ఉండరు.

దినచర్య గడియారం పెట్టి కొలిచినట్టుంటుంది. పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. మెలకువగా ఉండేది 16 గంటలు. పొద్దున రెండు మూడు గంటలు చదువు: ఒక్కడూ కూర్చుని కొంత, కంపానియన్‌తో కొంత, అరగంట నుంచి గంట దాకా భాష. ఆ తర్వాత వీధిలోకి. 2017లో స్థానిక పరిస్థితిని బట్టి కొంత సడలింపు ఇచ్చారు గానీ లేచే వేళ, పడుకునే వేళ అలాగే ఉన్నాయి. వారంలో ఒక రోజు, ఎక్కువగా సోమవారం, పీ-డే, అంటే ప్రిపరేషన్ డే. బట్టలుతుక్కోవడం, కూరగాయలు తెచ్చుకోవడం, క్షవరం, ఆటలు అన్నీ అప్పుడే. అదీ సాయంత్రం ఆరు దాకానే.

ఈ పీ-డేలోనే ఇటీవల అన్నిటికన్నా పెద్ద మార్పు వచ్చిందని నా అభిప్రాయం. 2019 ఫిబ్రవరికి ముందు ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే: క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకి ఒకటి. రెండేళ్లకు నాలుగు ఫోన్లు. ఆ నెలలో నిబంధన మార్చి వారానికోసారి మాట్లాడొచ్చన్నారు. నాలుగు కాస్తా వంద దాటింది. సోమవారం పొద్దున పదింటికి అసహికావాలో కుర్రాడు వీడియో కాల్ పెడితే యూటాలో ఆదివారం సాయంత్రం ఆరవుతుంది, చలికాలంలో 16 గంటల తేడా. గుడి నుంచి వచ్చి ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చునే వేళ. తెరమీద ఇల్లు కనబడితే బెంగ పెరుగుతుందా తగ్గుతుందా అన్నది చాలాకాలం వాదనగా నలిగింది. చర్చి చివరకు తల్లుల పక్షాన తీర్పు ఇచ్చింది.

తలుపులు, టీ కప్పులు

జపాన్‌లో క్రైస్తవులు జనాభాలో ఒక శాతం మేరకే. 12 కోట్ల పైచిలుకు జనంలో మోర్మన్ సంఘం పుస్తకాల్లో ఉన్న పేర్లు సుమారు 1.3 లక్షలు. వెయ్యి మందికి ఒకరు. మన కుర్రాడు గంట నొక్కితే ఇంటర్‌ఫోన్‌లోంచి మర్యాదైన గొంతు వినపడుతుంది, అక్కర్లేదని. అరవడం, కసరడం ఉండదు. అంత మెత్తగా మూసుకున్న తలుపును మళ్లీ తట్టడానికి మనసొప్పదు.

ఆ తలుపు వెనక చరిత్ర ఉంది. 1995 మార్చి 20న ఓమ్ శిన్రిక్యో అనే మత ముఠా టోక్యో మెట్రోలో సరిన్ విషవాయువు వదిలింది. 2022 జూలై 8న మాజీ ప్రధాని షింజో అబేను కాల్చి చంపిన వ్యక్తి, తన తల్లి యూనిఫికేషన్ చర్చికి ఇచ్చిన విరాళాలతో ఇల్లు గుల్లయిందన్న కక్షను కారణంగా చెప్పాడు. ఆ చర్చిని రద్దు చేయాలని 2025 మార్చి 25న టోక్యో జిల్లా కోర్టు ఆదేశించింది. వీటికీ మోర్మన్లకూ ఏ సంబంధమూ లేదు. కానీ ఇంటర్‌ఫోన్ తెరమీద ముఖం తెలియని ఇద్దరు యువకులు మతం మాట ఎత్తగానే గృహిణి మనసులో మెదిలేవి ఈ వార్తలే. అందుకే జపాన్‌లో మిషనరీలు ఉచిత ఇంగ్లీషు సంభాషణ తరగతులు నడుపుతారు. మతం కోసం తెరుచుకోని తలుపు ఇంగ్లీషు కోసం కొంచెం తెరుచుకుంటుంది. మనకు ఈ కిటుకు కొత్తేమీ కాదు.

తలుపు తెరిచి లోపలికి రమ్మంటే మరో ఇరకాటం. జపాన్‌లో ఇంటికొచ్చినవాళ్లకు మొదట పెట్టేది గ్రీన్ టీ. 1833లో జోసెఫ్ స్మిత్ ప్రకటించిన ఆహార నియమం, జ్ఞానవాక్యం, ప్రకారం మోర్మన్లు మద్యం, పొగాకు, కాఫీ, టీ ముట్టరు. గ్రీన్ టీ కూడా టీయేనని 2019లో చర్చి పత్రిక మరోసారి స్పష్టం చేసింది. ఇంటావిడ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా అందించిన కప్పును కాదనాలి, అదీ తొమ్మిది వారాల జపనీస్‌లో. తెలిసినవాళ్లు ముందే ముగిచా అడుగుతారు. అది బార్లీ గింజలు వేయించి కాచిన నీళ్లు, అందులో టీ ఆకు ఉండదు. జపాన్‌లో ప్రతి ఇంటి ఫ్రిజ్‌లోనూ వేసవి పొడుగునా ఉండే పానీయం. ఆ ఒక్క మాట ముందే తెలిస్తే మొదటి నెలలో సగం ఇబ్బంది తప్పుతుంది.

టీ కాదనడమే ఒకసారి కలిసొచ్చింది కూడా. 1945 ఆఖర్లో, నగోయా దగ్గర నరుమి అనే ఊళ్లో, ఆక్రమణ సేనల్లోని కొందరు మోర్మన్ సైనికులు ఇచ్చిన టీని వద్దన్నారు. ఎందుకు వద్దంటున్నారని అడిగిన తత్సుయి సాతో అనే ఆయన ఆ కుతూహలంతోనే వాళ్ల మాటలు వినడం మొదలుపెట్టాడు. 1946 జూలైలో భార్యతో సహా బాప్తిస్మం పుచ్చుకున్నాడు. యుద్ధం తర్వాత జపాన్‌లో తొలి బాప్తిస్మాలు అవి. వాళ్ల పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథానికి 1957లో వెలువడిన జపనీస్ అనువాదం ఆయనదే. ఆయన బాప్తిస్మం పుచ్చుకునేనాటికి జపాన్‌లో ఒక్క మిషనరీ కూడా లేడు. మిషన్ తిరిగి తెరిచింది 1948లో.

తిరిగి తెరవడం అన్నానంటే అంతకుముందు మూసినట్టే. 1901 ఆగస్టు 12న చర్చి పంపిన హీబర్ గ్రాంట్ ముగ్గురు సహచరులతో యోకోహామాలో ఓడ దిగారు. ఆ నలుగురిలో చిన్నవాడు ఆల్మా టేలర్. 19 ఏళ్లు నిండి పదకొండు రోజులైంది. శిక్షణ కేంద్రం లేదు, నిఘంటువులు అంతంతమాత్రం, ట్రైనర్ అసలే లేడు. అతను ఎనిమిదేళ్లకు పైగా అక్కడే ఉండిపోయి మోర్మన్ గ్రంథాన్ని మొదటిసారి జపనీస్‌లోకి తెచ్చాడు, 1909లో అచ్చయింది. 1924లో మిషన్ మూసేసరికి 23 ఏళ్లలో 88 మంది మిషనరీలు పనిచేశారు. బాప్తిస్మాలు రెండు వందల లోపే. ఒక్కొక్కరి మొత్తం సేవాకాలానికి ఇద్దరు.

41 శాతం పెరిగితే 4 శాతం

ఇక పెద్ద లెక్క. 2012 నాటి వయసు సడలింపు వల్ల, కోరి చేయకపోయినా, ఒక పరీక్ష జరిగింది. వెళ్లేవాళ్లు ఒక్కసారిగా పెరిగితే చేరేవాళ్లు ఎంత పెరుగుతారు? 2012 చివర 58,990 మంది మిషనరీలు, ఆ ఏడాది 2,72,330 బాప్తిస్మాలు. 2013 చివర 83,035 మంది, బాప్తిస్మాలు 2,82,945. పంపినవాళ్లు 41 శాతం పెరిగారు, చేరినవాళ్లు 4 శాతం. అదనంగా వెళ్లిన 24 వేల మందికి గాను అదనంగా వచ్చినవి 10,615 బాప్తిస్మాలు. జంటలు జంటలుగా తిరిగేవాళ్లు కాబట్టి అలాగే చెప్పుకుంటే, అదనపు జంటకు ఒక్క బాప్తిస్మం కూడా రాలేదు. కొత్తవాళ్లు అప్పుడే కదా వెళ్లారు, పని నేర్చుకోవద్దా అనొచ్చు. న్యాయమైన మాటే. 2014లో 85,147 మందికి 2,96,803 బాప్తిస్మాలు, కాస్త మెరుగు. అయినా తలకు మూడున్నర దగ్గరే ఆగింది. 2012లో అది నాలుగున్నర పైన ఉండేది. మరీ వెనక్కి వెళితే, 1990లో 43,651 మందితోనే 3,30,877 బాప్తిస్మాలు జరిగాయి: తలకు ఏడున్నర.

కోవిడ్ ఏడాది 2020లో మిషనరీలు 51,819కి, బాప్తిస్మాలు 1,25,930కి పడిపోయాయి. తర్వాత నెమ్మదిగా లేచి 2024లో 3,08,682కి చేరాయి. పాతికేళ్లలో 3 లక్షలు దాటడం అదే మొదటిసారి. తలకు నాలుగుకు కొంచెం పైన. ఆఫ్రికా, ఫిలిప్పీన్స్, లాటిన్ అమెరికాలో పని జోరుగా సాగుతోంది. జపాన్‌లో, పశ్చిమ ఐరోపాలో ఆ ఊపు లేదు. సగటు అనేది ఈ రెంటినీ ఒకే గంపలో వేస్తుంది. అసహికావా కుర్రాడు ఏడాదికి నాలుగు బాప్తిస్మాలు కలలో చూసుకోవాలి.

చేరికల అంకెకు మరో వెలితి ఉంది. 2024లో బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లు 3,08,682. సభ్యుల ఇళ్లలో పేరు నమోదైన పసివాళ్లు 91,617. రెండూ కలిపితే 4 లక్షల పైచిలుకు. కానీ మొత్తం సభ్యత్వం పెరిగింది 2,54,387. మిగిలిన లక్షా 46 వేలు మరణాల కింద, పేరు తీయించుకోవడాల కింద, లెక్కల సవరణల కింద పోయాయన్నమాట. ఆదివారం నాడు బల్లల మీద నిజంగా ఎందరు కూర్చుంటారో చర్చి ప్రకటించదు. కూడిక చూపించి తీసివేత దాచే లెక్క ఏ సంస్థదైనా నేను సగం తగ్గించుకునే చదువుతాను.

అంకెల వెంటపడితే ఏమవుతుందో ఆ చర్చికి అనుభవం ఉంది. 1950ల చివర, 60ల మొదట్లో బ్రిటన్‌లో మిషనరీలు బేస్‌బాల్ జట్లు పెట్టి, ఆడటానికొచ్చిన కుర్రాళ్లకు బాప్తిస్మాలు ఇచ్చేశారు. జట్టులో చేరడానికి అదో తతంగం అనుకున్న పిల్లలు చాలామంది. తర్వాత ఆ పేర్లు వేల సంఖ్యలో కొట్టేయాల్సి వచ్చింది. ఇప్పుడు కూడా వారం వారం లెక్క పంపాలి: కొత్తగా బోధ వింటున్నవాళ్లు ఎందరు, ఆరాధనకు వచ్చినవాళ్లు ఎందరు, బాప్తిస్మానికి తేదీ పెట్టుకున్నవాళ్లు ఎందరు. ఏరియా బుక్ అనే ఊరి దస్త్రం ఇప్పుడు ఫోన్‌లోకి మారింది. అందులో ఎవరి ఇంటికి ఎప్పుడు వెళ్లారు, ఏమన్నారు అన్నది బదిలీ అయినవాడి నుంచి వచ్చినవాడికి అందుతుంది. కొత్త ఊళ్లో దిగిన కుర్రాడు మొదట చదివేది దాన్నే.

మరి తలకు ఏడున్నర నాలుగైనా, పంపడం ఎందుకు ఆపరు? ఎందుకంటే ఆ ఖాతాలో ఇంకో వరస ఉంది. రెండేళ్లు పొద్దున ఆరున్నరకు లేచి, రోజుకు పదిసార్లు కాదనిపించుకుని, ఆరు వారాలకోసారి కొత్త మనిషితో ఒకే గదిలో సర్దుకుపోయిన పిల్లవాడు తిరిగొచ్చాక చర్చిని వదలడం అంత తేలిక కాదు. పోనీ, వదిలినా ఆ రెండేళ్లు అతన్ని వదలవు. యూటాలో చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో సగానికి పైగా విద్యార్థులకు రెండో భాష వచ్చు. తైవాన్‌లో మిషనరీగా చైనీస్ నేర్చిన జాన్ హంట్స్‌మన్ 2009లో చైనాకు అమెరికా రాయబారిగా వెళ్లారు. రాజకీయ నాయకుడు మిట్ రోమ్నీ 1966 నుంచి 1968 దాకా ఫ్రాన్స్‌లో తలుపులు తట్టారు. వ్యాపార శాస్త్రంలో పేరుమోసిన క్లేటన్ క్రిస్టెన్‌సెన్, ఫాంటసీ నవలలు రాసే బ్రాండన్ శాండర్సన్ ఇద్దరూ కొరియా వెళ్లొచ్చినవాళ్లే. వీళ్లెవరూ తమ ఊళ్లో ఎందరికి బాప్తిస్మం ఇచ్చారో లోకం అడగదు.

ఈ మాట అంటున్నానంటే అందరికీ బాగా జరుగుతుందని కాదు. ఆరోగ్యం చెడో, దిగులు ముదిరో, నమ్మకం సడలో మధ్యలో తిరిగొచ్చేవాళ్లూ ఉంటారు. ఊరంతా సాగనంపిన పిల్లవాడు ఎనిమిది నెలలకే గడపలో నిలబడితే ఇరుగుపొరుగు చూపులు ఎలా ఉంటాయో మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. పరాయి దేశం వెళ్లలేనివాళ్లకు ఇంటి దగ్గరే ఉండి చేసే సేవా మిషన్ ఏర్పాటు వచ్చింది. అది చాలామందికి ఊరట, మాట పడకుండా తప్పుకునే దారి.

మద్రాసు, హైదరాబాదు

మన వైపు ఈ మిషనరీలు రావడం ఇవాళ్టి సంగతి కాదు. 1853లో, రైళ్లు పూర్తిగా పరచుకోకముందే, యూటా నుంచి బయల్దేరిన బృందం కలకత్తాలో దిగింది. అదే ఏడాది రిచర్డ్ బాలంటైన్, మరో ఇద్దరు మద్రాసు చేరారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగు జిల్లాలు భాగమే గానీ వాళ్ల పని మద్రాసులో ఇంగ్లీషు తెలిసినవాళ్ల మధ్యే ఎక్కువగా నడిచింది. ఫలితం పెద్దగా లేక కొద్దికాలానికే తిరుగుముఖం పట్టారు. ఆ దశాబ్దం గడిచేలోపే భారతదేశంలో వాళ్ల పని ఆగిపోయింది.

రెండోసారి వేళ్లూనిన తీరు వేరు. సమోవా దీవుల్లో ఉద్యోగరీత్యా ఉన్న తెలుగు దంపతులు ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు 1977 ప్రాంతంలో అక్కడే ఆ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో వాళ్లను ప్రత్యేకంగా, కొద్దిరోజుల కోసం, హైదరాబాదుకు మిషనరీలుగా పంపారు. వాళ్లు అపరిచితుల గంటలు నొక్కలేదు. సొంత చుట్టాల ఇళ్లకు వెళ్లారు. ఇరవై మంది దాకా బంధువులు బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు పాస్టరు, మోర్మన్ గ్రంథం తెలుగు అనువాదానికి పూనుకున్నది ఆయనే. 1982లో కొన్ని భాగాలు తెలుగులో అచ్చయ్యాయి. బెంగళూరు కేంద్రంగా 1993లో, ఢిల్లీ కేంద్రంగా 2007లో మిషన్లు ఏర్పడ్డాయి. పలు స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగాన్ని వాళ్లు స్టేక్ అంటారు. భారతదేశంలో మొట్టమొదటి స్టేక్ 2012 మే 27న ఏర్పడింది, హైదరాబాదులోనే. రాజమండ్రి, విశాఖపట్నాల్లోనూ వాళ్ల సంఘాలున్నాయి, అక్కడి తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు ఇంటిపేరు రాసిన నల్ల బిళ్ల పెట్టుకుని రెండేళ్లు వేరే రాష్ట్రాలకు వెళుతున్నారు. దేశంలో తొలి మోర్మన్ ఆలయాన్ని బెంగళూరుకు 2018 ఏప్రిల్‌లో ప్రకటించి, 2020 డిసెంబరు 2న శంకుస్థాపన చేశారు. నరుమిలో ఒక కప్పు టీ, హైదరాబాదులో చుట్టరికం: రెండు చోట్లా మొదటి తలుపు తెరిచింది ఆరు వారాల బదిలీల మీద వచ్చిన కుర్రాళ్లు కారు.